గోగుపుల్లల పీట

సెప్టెంబర్ 22, సోమవారం

పురుగుమందుల కొట్టువాళ్ళు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. కొలతలు రాసుకుంటానని మా అమ్మాయి మహిమ దాచుకుంది. ఒక్క పేజీ కూడా రాయలేదు. ప్రతి పేజీ కింద ఒక సలహా అచ్చేశారు. ఇవాల్టిది: "పత్తిలో గులాబీరంగు పురుగు ఉధృతిని గమనించండి." సరే, గమనిస్తాను. ఇంకేం పనుంది నాకు.

ఐదో తరగతి దాకా చదివాను. ఇది ఎవరూ చదవరు కాబట్టి ఆ చదువు సరిపోతుంది.

పిల్ల పోయి ఇరవై అయిదు రోజులు. పలకరించడానికి వచ్చినవాళ్ళందరూ ఒకే మాట చెప్పి వెళ్తున్నారు, దేవుడు మంచివాళ్ళనే ముందు తీసుకుంటాడని. ఆ లెక్కన జగ్గయ్యపేటలో మిగిలిన మా అందరి గురించి ఆయన ఏమనుకుంటున్నాడో ఎవరూ చెప్పలేదు. చెప్పి, టీలో పంచదార కొంచెం తగ్గించమంటారు. దుఃఖంలో ఉన్నా సుగరు సుగరే.

ఆ మంగళవారం సంగతి మాత్రం ఇందులో రాయను.

సెప్టెంబర్ 23, మంగళవారం

చర్చి ఆడవాళ్ళు నలుగురు వచ్చారు. వాళ్ళలో ఒకావిడ ఊరికి కొత్త. "మీ అమ్మాయి ఏం చేసేదమ్మా?" అంది.

"పీటలు చేసేది" అన్నాను.

"పెళ్ళిపీటలా?"

"కాదు, పాటలు కూర్చునే పీటలు."

ఆవిడ పక్కావిడ చెయ్యి పట్టుకుంది. నాకు మతి పోయిందని ఇద్దరూ ఒకేసారి జాలిపడ్డారు. నేను చెప్పింది నిజమే. నందిగామలో మెకానికల్ ఇంజనీరింగు చదివి, హైదరాబాదులో రెండేళ్ళు ఏసీ గదిలో కూర్చుని, అది మానేసి వచ్చి, ఇంటి వెనక రేకుల షెడ్డులో రికార్డు ప్లేయర్ల కింద పెట్టే పీటలు చేసింది నా కూతురు. ఉద్యోగం ఎందుకు మానావే అంటే, "అక్కడ బొమ్మలు గీయడమేనమ్మా, వస్తువు చేతికి రాదు" అంది. వచ్చాక ఒళ్ళంతా రంపంపొట్టు, చేతినిండా జిగురు. వస్తువు చేతికి రావడమంటే అదే కాబోలు.

నల్ల పళ్ళెం తిరుగుతుంటే ముల్లు దాని గీతలో నడుస్తుంది. పక్కన మనిషి నడిచినా ఆ ముల్లుకి తెలిసిపోతుందట. అంచేత కింది పీట వంగకూడదు, అదరకూడదు. కదలకూడదంటే బరువుండాలి కదే అన్నాను మొదట్లో.

"అందరూ అదే అనుకుంటారమ్మా. బరువైంది అదురుని లోపల దాచుకుని, తర్వాత మెల్లిగా కక్కుద్ది. తేలిగ్గా, గట్టిగా ఉన్నదైతే అప్పటికప్పుడు వదిలేస్తది."

"నువ్వు చెప్పేది చెక్క గురించా, మీ మావయ్య గురించా?" అన్నాను. మా తమ్ముడు స్టీవెన్ ఒక మాటని ఆరేళ్ళు దాచుకుని ఎవరి పెళ్ళిలోనో కక్కుతాడు. అది కిందపడి నవ్వింది.

రెండు పల్చటి ప్లైవుడ్ పలకలు, మధ్యలో నార తీసేసిన గోగుపుల్లలు. పొయ్యిలో పెడితే నిమిషం ఆగని పుల్లలు. వాటిని ఒకే పొడవున కోసి, నిలువుగా పక్కపక్కన నిలబెట్టి అతికించేది. పీట మొత్తం రెండు కిలోలు తూగదు. మీదెక్కి నిలబడితే వంగదు. నేను నిలబడ్డాను. నేను డెబ్బై రెండు కిలోలు, అది పిల్ల తన కొలతల పుస్తకంలో కూడా రాసుకుంది సిగ్గులేకుండా.

చివర్లో నేను తట్టాలి. కుండ కొనేటప్పుడు తట్టి వింటాను కదా, అలాగే. ఎక్కడైనా పుల్ల సరిగ్గా అంటుకోకపోతే అక్కడ మోత బోలుగా వస్తుంది. లక్షల మిషన్ కంటే నీ చెవి నయమనేది. చెన్నై, బెంగుళూరు, పుణె వెళ్ళిన పదిహేడు పీటల్నీ తట్టి "ఆ, పట్టింది" అన్నది నేనే.

పద్దెనిమిదోది షెడ్డులో ఉంది. జిగురు పట్టడానికి మీద ఇటుకలు పెట్టి ఉన్నాయి. ఉండనీ.

సెప్టెంబర్ 25

షెడ్డు తలుపు తియ్యలేదు.

సెప్టెంబర్ 26

తియ్యలేదు. చెదలు రాకుండా మందు చల్లుకోమని డైరీ సలహా. తలుపు తియ్యకుండా ఎలా చల్లాలో మాత్రం రాయలేదు.

సెప్టెంబర్ 29, సోమవారం

సుబ్బరాయుడు గారు వచ్చారు. పద్దెనిమిదో పీట ఆయనదే. నందిగామ కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరయ్యారు. ఇంటినిండా పద్యనాటకాల రికార్డులట. ఇల్లేమో హైవే పక్కన. బస్సు పోయినప్పుడల్లా రాజుగారి పద్యం గుర్రుమంటోందని మహిమకి పీట చెప్పారు.

"జరిగినదానికి మిక్కిలి చింతిస్తున్నామమ్మా" అన్నారు. కాయితం మీద టైపు కొట్టినట్టే ఉంది. కుర్చీలో ఒక్కరే ఉన్నారు, చింతించేది మాత్రం "మేము". తర్వాత గొంతు సవరించుకుని, "ఆ పీట ఎంతవరకూ..." అన్నారు.

అలా తెరుచుకుంది షెడ్డు తలుపు. నెల్లాళ్ళు నా చేతికి రానిది ఆయన దగ్గుకి వచ్చింది.

ఇటుకలు నేనే తీశాను. అంచులు ఇంకా వెయ్యలేదు, నాలుగు పక్కలా పుల్లలు కనబడుతున్నాయి. ఆయన ఒంటిచేత్తో లేపారు. "ఇదేంటమ్మా, అప్పడంలా ఉంది!"

"అప్పడం విరుగుద్దండి. ఇది విరగదు."

"ఏమోనమ్మా. వస్తువంటే చేతికి తెలియాలి." వేలు మడిచి తట్టబోయారు.

"తట్టొద్దండీ!" అని అరిచాను. పాపం, పెద్దాయన పీట కింద పెట్టేశారు.

నెమ్మదిగా అన్నారు. "మీ ఊళ్ళో గ్రానైటు కోస్తారుగా. ఒక పలక కోయించుకుపోదామని ఉందమ్మా. ముందే చెప్తే అమ్మాయి చిన్నబుచ్చుకుంటదని ఊరుకున్నా."

ఇప్పుడు చిన్నబుచ్చుకోవడానికి అమ్మాయి లేదుగా, అని నేను అనలేదు. ఈమధ్య నేను అనని మాటలు కూడా కొన్ని ఉంటున్నాయి.

"దసరా వెళ్ళాక రండి. పిల్ల ఒప్పుకున్న పని. నేనూ వడ్రంగి బాబ్జాన్ అన్నయ్యా పూర్తి చేసిస్తాం" అన్నాను.

ఆయన గ్రానైటు పెట్టుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు. ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్తాడు, ఒకమ్మాయి పుల్లలతో అప్పడం చేసింది, పాపం పోయిందిలే అని. పదిహేడుమంది మెచ్చుకున్నది ఎవరికీ తెలీదు, ఈ ఒక్కటీ నందిగామ మొత్తానికి తెలుస్తుంది. ఈ పీట ఆయన నోటితో మంచిదనిపించుకునే గడప దాటాలి. అంతే.

సెప్టెంబర్ 30

స్టీవెన్ వచ్చాడు. వాడికీ గ్రానైటే కావాలి. సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసేవాడికి రాళ్ళ మీద ప్రేమ ఉండటం సహజం.

"అక్కా, నవంబర్ రెండు సమాధుల పండుగలోపు రాయి వేయించాలి. బ్లాకు గ్రానైటు, నాలుగంగుళాల మందం. నలుగురూ చూస్తారు."

"అంత బరువెందుకురా, లేచొచ్చేస్తదనా?"

వాడు తెల్లబోయాడు. "నీ నోరుందే అక్కా..."

"నా నోటి సంగతి నాకు తెలుసులే" అన్నాను.

తెలుసు.

అక్టోబర్ 4, శనివారం

బాబ్జాన్ అన్నయ్య పొద్దున్నే వచ్చాడు. తలుపులు, కిటికీలు చేసే వడ్రంగి. మహిమకి చిత్రిక పట్టడం నేర్పింది ఆయనే. బదులుగా అది ఆయనకి మిల్లీమీటర్లు నేర్పింది.

"అరవై మూడేళ్ళు అంగుళాలతో బతికా చెల్లెమ్మా. పాయింటు అయిదంటే ఎంతో ఆ పిల్ల దగ్గర నేర్చుకున్నా. ఇప్పుడు మా ఇంటావిడ గరిటెడు కూర వేస్తే పాయింటు అయిదు తక్కువైందంటన్నా."

"తంతదేమో చూసుకో."

"తన్నింది."

నవ్వాను. నవ్వి, ఏదో తప్పు చేసినట్టు చుట్టూ చూశాను. ఆయన చూడనట్టు రందా తోస్తూ ఉండిపోయాడు. మూడు పక్కలా అంచులు అతికించాడు. నాలుగోది సోమవారం వేస్తానన్నాడు. "తట్టి చూశావా చెల్లెమ్మా, పైపలక పట్టిందా?" అన్నాడు వెళ్తూ.

"చూశా, పట్టింది" అన్నాను.

చూడలేదు.

అక్టోబర్ 5, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. పీటలో చిన్న సర్దుబాటు ఒకటి చేశాను.

ఇసుక పోశాను. పక్కింటివాళ్ళు గోడకని తెప్పించుకున్న మునేటి ఇసుక. తెరిచి ఉన్న నాలుగో పక్క నుంచి, పుల్లల మధ్య ఖాళీల్లోకి, మూడు కిలోలు. జల్లెడ పట్టి మరీ పోశాను. నాసిరకం పని మా ఇంట్లో జరగదు.

పత్తి కొనే కొట్లో ఇరవై ఏళ్ళు చేశాను. లారీకెక్కించే ముందు పత్తి మీద నీళ్ళు కొట్టేది నేనే. ఎంత కొడితే బరువు తెలుస్తుందో, ఎంత కొడితే తడి తెలుస్తుందో నా చేతికి తెలుసు. మా దగ్గర మంచిచెడ్డలు చూసేది కాటా ఒక్కటే. సుబ్బరాయుడు గారూ ఈ మట్టిలో పుట్టిన మనిషే. చేతికి బరువు తగిలితే చెవి నోరు మూసుకుంటుంది.

ఇది మోసం కాదు. పత్తికి చేసింది మోసం. ఇది పిల్ల మర్యాద.

అక్టోబర్ 6

బాబ్జాన్ అన్నయ్య పీట లేపి నా వైపు చూశాడు.

"మొన్నటికీ ఇవాల్టికీ బలిసిందేంటి చెల్లెమ్మా?"

"జిగురు బరువన్నయ్యా."

"జిగురా."

"ఆ, జిగురే."

నాలుగో అంచు వేశాడు. మహిమ చేసిపెట్టిన రబ్బరు కాళ్ళు నాలుగూ బిగించాడు. టీ తాగకుండా వెళ్ళాడు. ఆయనకి సుగరు కూడా లేదు.

అక్టోబర్ 8, బుధవారం

సుబ్బరాయుడు గారు రెండు చేతులా లేపారు. "ఆఁ! ఇదీ వస్తువంటే! తల్లి చెయ్యి పడితే ఆ తీరే వేరు" అన్నారు.

గెలిచాను. మహిమ గెలిచింది. ఇద్దరం గెలిచాం.

అక్టోబర్ 9

గెలిచాం.

అక్టోబర్ 14, మంగళవారం

సుబ్బరాయుడు గారు ఫోను చేశారు. "ఇదివరకు బస్సు ఇంటి ముందు నుంచి పోయేదమ్మా. ఇప్పుడు పద్యంలోంచే పోతంది" అన్నారు. పైగా ముల్లు పక్కకి జారిపోతోందట.

"గోగుపుల్లలు కదండీ, అంతే ఉంటాయేమో. పిల్లకి కొత్త కదా ఈ పని" అన్నాను.

అన్నాను. నా నోటితో నేనే. పదిహేడు పీటలు చేసినదానికి పని కొత్త అన్నాను.

అక్టోబర్ 15

పేజీ కింద సలహా: "కోసిన పత్తిని తడి లేకుండా ఆరబెట్టండి." వీళ్ళక్కూడా తెలిసిపోయినట్టుంది.

అక్టోబర్ 16, గురువారం

నందిగామ వెళ్ళాను. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. తప్పు చేసినవాళ్ళకి ఇలాంటివి భలే దొరుకుతాయి.

ప్లేయరు మనిషి కంటే మర్యాదగా ఉంది, మీద లేసు గుడ్డతో. కింద మా పీట. చూడగానే తెలిసింది, ఒక పక్కకి ఒరిగి ఉంది. ఇక్కడికి తెచ్చేటప్పుడు కుదుపులకి లోపల ఇసుకంతా ఒకవైపు చేరింది. రబ్బరు కాళ్ళేమో రెండు కిలోల పీటకని చేసినవి, అయిదు కిలోలు మీద పడేసరికి చతికిలబడ్డాయి. ఇంక అదురు ఆపేదేముంది.

ఆయన రికార్డు పెట్టారు. రాజుగారు రాగం ఎత్తుకున్నారు. బయట విజయవాడ బస్సు వచ్చింది. రాగం మధ్యలో గేరు మార్చింది.

"చూశారా?" అన్నారాయన.

తర్వాత ఫోను తీసి, కళ్ళజోడు పెట్టుకుని, కోర్టులో చదివినట్టు చదివారు. ఆగస్టులో మహిమ ఆయనకి పెట్టిన మెసేజి. "సార్, పీట వచ్చాక తూచి చూడండి. రెండు కిలోలు దాటితే అది నేను చేసింది కాదు. వెనక్కి పంపించండి. తిట్టండి కూడా."

"నిన్న తూచానమ్మా. నాలుగు కిలోల ఎనిమిది వందలు. మరి ఇది ఎవరు చేసినట్టు?"

బాబ్జాన్ చేశాడనొచ్చు. ఆయన ఇక్కడ లేడు. చెక్క చెమ్మ పీల్చిందనొచ్చు. పిల్లకి తూకం రాదనొచ్చు. ఆ మాటైతే ఎవరూ కాదనరు. దానికి నోరు లేదు. మొన్న ఫోనులో చేసింది అదే కదా. ఇరవై ఏడేళ్ళు ఆ పిల్లకి జవాబు చెప్పే అవకాశం ఇవ్వకుండా మాట్లాడాను, ఇప్పుడింకా వీలు.

"పీట పిల్లదేనండి" అన్నాను. "ఇసుక నాది. మూడు కిలోలు నేనే పోశా. ఆ పిల్లకేం సంబంధం లేదు. పనికీ ఏం లోటు లేదు. బాబ్జాన్ అన్నయ్యకీ తెలీదు."

"ఎందుకమ్మా?"

"మీరు అప్పడం అన్నారని."

ఆయన కళ్ళజోడు తీశారు. "అన్నానా?"

"అన్నారండి."

"ముప్పై రెండేళ్ళు ఇంకోళ్ళ మాటలు టైపు కొట్టానమ్మా. ప్రతి అక్షరం గుర్తే. నేనన్నది మాత్రం..." అని ఆగిపోయారు. లేచి పీట కింద రెండు చేతులూ పెట్టి తీసి, నా ఒళ్ళో పెట్టారు. "ఆ పిల్ల ఎట్టా చేసిందో అట్టాగే తెండి. అప్పడంలాగే తెండి."

నేను ఒక్క వెటకారం కూడా ఆడలేదు. ఒళ్ళో అయిదు కిలోలు పెట్టుకుని బస్సులో ఇంటికొచ్చాను. కండక్టరు అన్నాడు, "ఏంటమ్మా, పీట మోసుకుపోతన్నావ్, సీటు దొరకదనా?" ఆ మాట నాకే రావాల్సింది. వాడికి వచ్చింది.

అక్టోబర్ 17, శుక్రవారం

ఆగస్టు 26, మంగళవారం. రాయనన్నాను. రాస్తున్నాను.

జ్వరం మూడోరోజు. ఊరంతా వస్తున్న జ్వరమే కదా అని మందుల షాపులో అడిగి మాత్రలు తెచ్చి వేశాను. పొద్దున పదింటికి మంచంలోంచి పిలిచింది. "అమ్మా, ఆదివారం పైపలక అతికించా. జిగురు పట్టిందో లేదో ఒకసారి తట్టి చెప్పవే. నేను లేవలేకపోతన్నా."

నేను చేట చేత్తో పట్టుకుని ఉన్నాను. చేటలో కందిపప్పు.

"లేవలేని మనిషికి పీట బెంగెందుకే? నువ్వు చూడకపోతే జిగురు అలిగి వెళ్ళిపోద్దా?" అన్నాను.

నవ్వింది. నవ్విందనే గుర్తు. నవ్వలేదేమో.

మంచం దగ్గర్నుంచి షెడ్డుకి పదిహేను అడుగులు. నేను కందిపప్పు చెరిగాను. అందులో రాళ్ళు కూడా లేవు.

మధ్యాహ్నానికి విజయవాడ తీసుకెళ్ళాం. డెంగీ అన్నారు. బుధవారం ఒకసారి కళ్ళు తెరిచి నా వైపు చూసింది. అడుగుతుందేమో అనుకున్నాను. అడగలేదు. అడిగినా ఏం చెప్తాను, చూసి రాలేదుగా. గురువారం తెల్లారేసరికి అయిపోయింది.

ఇదీ సంగతి. తీసుకెళ్ళాల్సిన సమయానికి తీసుకెళ్ళలేదని ఊళ్ళో కొందరు అనుకుంటున్నారు. అనుకోనీ. దానికి నేను ఏదో ఒక జవాబు చెప్పుకోగలను. ఆ పదిహేను అడుగులకి జవాబు లేదు.

అక్టోబర్ 21, మంగళవారం

దీపావళి టపాసుల చెత్త వీధంతా. బాబ్జాన్ అన్నయ్యకి మొత్తం చెప్పాను.

"నాకు ఆ రోజే తెలుసు చెల్లెమ్మా."

"మరి ఎందుకు ఊరుకున్నావ్?"

"జిగురన్నావుగా. అంత బరువు జిగురు ఎక్కడ దొరుకుద్దో అడుగుదామనుకున్నా. సిగ్గేసింది."

నా వెటకారాల బడిలో ఈయనా చేరాడన్నమాట.

నాలుగో అంచు ఊడదీశాడు. తలకిందులు చేసి, ఊపి, సైకిలు పంపుతో ఊది, ఇసుక మొత్తం బేసిన్లోకి రాలగొట్టాం. ఎంత ఊదినా ఇంకో చిటికెడు వచ్చేది. లోపల పోయడానికి పది నిమిషాలు పట్టింది, తియ్యడానికి ఒక పూట. కొత్త అంచు వేసి ఇటుకలు పెట్టాడు.

అక్టోబర్ 24, శుక్రవారం

"తట్టు చెల్లెమ్మా" అన్నాడు బాబ్జాన్ అన్నయ్య. "ఈసారి అబద్ధం ఆడమాక. నాకు ఎడమ చెవి వినబడదు, కుడిదానికి పీట మోత తెలీదు."

ఆయన్ని బయటికి పంపాను.

తట్టాను. మూల నుంచి మూలకి, వేలు వేలు ఎడంతో, ముందు పైపలక, తర్వాత అంచులు. నాలుగు వరసలు. ఎక్కడా బోలు లేదు. టక్కుమంటుంది, అప్పటికప్పుడు ఆగిపోతుంది. ఒక్క పుల్ల కూడా వదల్లేదు. జ్వరంతో ఒళ్ళు కాలిపోతూ ఆదివారం అతికించింది ఇది. ఇసుక మోసింది, నందిగామ వెళ్ళొచ్చింది, నా చేతుల్లో పడింది. అయినా వదల్లేదు.

తూచాం. కిలో ఎనిమిది వందలు.

బయటికొచ్చేసరికి అన్నయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నా మొహం చూసి టీ అడిగాడు. "పంచదార పాయింటు అయిదు ఎక్కువెయ్యి" అన్నాడు.

అక్టోబర్ 27

ఇచ్చేసి వచ్చాను. సుబ్బరాయుడు గారు ఒంటిచేత్తో లేపారు, ఈసారి అప్పడం అనలేదు. ప్లేయరు దానిమీద పెట్టి, రికార్డు వేసి, బస్సు కోసం ఎదురుచూశాం ఇద్దరం. రోజూ నిమిషానికొకటి పోయే హైవే మీద పావుగంట బస్సు రాలేదు. ఆర్టీసీ వాళ్ళు మనకి కావలసినప్పుడు ఎప్పుడొచ్చారు గనక.

వచ్చింది. గాజు కిటికీ జలజలలాడింది. రాజుగారు తన పద్యం తాను పాడుకుంటూ పోయారు.

నవంబర్ 2, ఆదివారం

సమాధుల పండుగ. ఊళ్ళో క్రైస్తవులందరూ సున్నపు బకెట్లతో శ్మశానానికి వచ్చారు. బంతిపూలు, కొవ్వొత్తులు, కొత్త చీరలు. పోయినవాళ్ళు చూడకపోయినా ఉన్నవాళ్ళు చూస్తారుగా.

స్టీవెన్ రాయి సంగతి మళ్ళీ ఎత్తాడు. "వద్దురా. మట్టి ఇంకా కుంగుద్ది, ఏడాది పోనీ" అన్నాను.

"ఏడాది పోయాక వేయిద్దామా?"

"ఏడాది పోయాక కూడా వద్దంటాను. ఆ పిల్లకి బరువు పడదు."

ఈ మాట దాచుకుని ఎవరి పెళ్ళిలో కక్కుతాడో చూడాలి.

బేసిన్లో ఇసుక తీసుకెళ్ళాను, పీటలోంచి తీసిన మూడు కిలోలు. సమాధి తలవైపు పోసి కొవ్వొత్తులు గుచ్చాను. జల్లెడ పట్టిన ఇసుక కదా, చక్కగా నిలబడ్డాయి. పక్క సమాధివాళ్ళు కొంచెం ఇమ్మన్నారు. ఇచ్చాను.

సాయంత్రం అయిదున్నరకి సుబ్బరాయుడు గారు ఫోను చేశారు. "వినండమ్మా" అని ఫోను ప్లేయరు దగ్గర పెట్టారు. పద్యం. వెనకాల ఒక లారీ హారను, ఇంకో లారీ. పద్యం కదల్లేదు. ఆయన మళ్ళీ లైన్లోకి వచ్చి, "మా ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెప్తన్నానమ్మా, ఇంజనీరు మహిమ గారు చేసింది అని" అన్నారు. గారు అన్నారు. దాన్ని నేను కూడా ఎప్పుడూ అలా పిలవలేదు.

ఫోను పెట్టేసి వంగాను. సమాధి మీద మట్టి ఇంకా మెత్తగానే ఉంది. వేలు మడిచి తట్టాను, మట్టికేం మోత వస్తుంది.

"ఎవరితో మాట్లాడుతున్నావక్కా?" అన్నాడు స్టీవెన్ వెనకనుంచి.

"కస్టమరుతో అయిపోయిందిరా. ఇప్పుడు ఓనరుతో" అన్నాను.

వాడు దూరంగా వెళ్ళాడు. అప్పుడు చెప్పాను. అరవై ఎనిమిది రోజులు ఆలస్యంగా, ఏమీ కలపకుండా, అది అడిగిందానికి మాత్రమే జవాబు.

"పట్టిందే, మహిమా. గట్టిగా పట్టింది."